పెద్ద అంకె చూపించిన డిస్కే పాడైందనుకోకండి

వానలు మొదలై కరెంటు పోతూ వస్తూ ఉంటే డిస్కుల గురించి ఉత్తరాలు ఎక్కువవుతాయి. ఈసారి ఇంట్లో స్టోరేజ్ సర్వర్ పెట్టుకున్నవాళ్ల ప్రశ్నలనే తీసుకున్నాం. మొదటి ఉత్తరానికి జవాబు బాగా పొడవైంది, కానీ అది కుదించాల్సిన విషయం కాదు.

ప్రశ్న: సార్, నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. మా నాన్నగారు ఏళ్ల తరబడి అన్నమయ్య కీర్తనలు పాడారు. ఆయన కచేరీల క్యాసెట్లన్నీ ఓపిగ్గా కంప్యూటర్‌లోకి ఎక్కించాను. వాటికోసమని పాత డెస్క్‌టాప్‌లో రెండు 4 టీబీ డిస్కులు పెట్టి, లైనక్స్‌లో రెయిడ్ 1 (రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉండే ఏర్పాటు) చేసి, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లని డిస్క్‌లో అమర్చే పద్ధతి) వేశాను. మొన్న ఉరుములతో వాన పడ్డప్పుడు కరెంటు పోయి వచ్చింది. అప్పట్నుంచి కొత్త ఫైల్ వేయబోతే 'రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్' అంటోంది, కొన్ని పాటలు మధ్యలో ఆగిపోతున్నాయి. స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) తీస్తే, లైనక్స్ ఎస్‌డీఏ అని పిలిచే మొదటి డిస్క్‌కి 5, 197, 198 మూడూ సున్నా, 199 మాత్రం 1482. రెండోది ఎస్‌డీబీకి 5 దగ్గర 16, 197, 198 దగ్గర 24 చొప్పున, 199 సున్నా. రెయిడ్ స్థితి చూస్తే రెండు 'యూ'లు ఉండాల్సిన చోట ఒక గీత, ఒక 'యూ' ఉన్నాయి. షాపులో అడిగితే, ఎస్‌డీఏ పోయింది, తీసేసి కొత్తది పెట్టి సింక్ చేసుకో, తర్వాత ఫైల్‌సిస్టమ్‌ని బాగుచేసే ఎఫ్ఎస్‌సీకే కమాండ్‌ని 'మైనస్ వై' (అడిగినవాటన్నిటికీ సరే) పెట్టి కొట్టు అన్నారు. చెయ్యొచ్చా?

జవాబు: చెయ్యకండి. సర్వర్ ఇంకా ఆన్‌లో ఉంటే మామూలుగా షట్‌డౌన్ చేసి, ఇది పూర్తిగా చదివాకే మళ్లీ ముట్టుకోండి. మీకు చెప్పినాయన చెడు ఉద్దేశంతో చెప్పలేదు. 1482 అన్న అంకె పక్కన 24 చూస్తే ఎవరికైనా మొదటిదే పోయిందనిపిస్తుంది. కానీ మీ రిపోర్ట్ చెబుతున్నది సరిగ్గా దానికి తలకిందులు.

199 అనేది డిస్క్‌కీ మదర్‌బోర్డ్‌కీ మధ్య దారిలో డేటా చెడిన సార్లను లెక్కపెడుతుంది. ఆ దారి అంటే సాటా కేబుల్, దాని రెండు చివర్ల కనెక్టర్లు, ఒక్కోసారి పవర్ సప్లై. డిస్క్ లోపలి పళ్లేలకి దీనితో సంబంధం లేదు. చెడిపోయి వచ్చిన డేటాని సిస్టమ్ గుర్తుపట్టి మళ్లీ పంపమంటుంది, అందుకే ఈ తప్పులు వందల్లో ఉన్నా ఫైళ్లు చాలాసార్లు బాగానే ఉంటాయి. ఈ లెక్క కేబుల్ మార్చాక కూడా తగ్గదు, సున్నాకి రాదు, ఎప్పుడైనా పెరగడమే. కాబట్టి అంకె ఎంత ఉందన్నది వదిలేసి, నిన్నటికీ ఇవాళ్టికీ పెరిగిందా అన్నది చూడాలి.

197 అలా కాదు. డిస్క్ స్వయంగా 'ఈ సెక్టర్ చదవలేకపోతున్నాను' అని పక్కన పెట్టుకున్నవాటి లెక్క అది. 198 అంటే డిస్క్ తనంతట తాను జరిపిన పరీక్షలో కూడా చదవలేకపోయినవి. 5 అంటే ఇప్పటికే చెడిపోయి, స్పేర్‌గా ఉంచిన జాగాలోకి మార్చేసినవి. ఈ మూడూ సున్నా దాటి పైకి కదులుతున్న డిస్క్‌లో అసలు కాపీ ఒక్కటే ఉంచుకోవడం నా దృష్టిలో ప్రమాదం, అది 24 అయినా సరే. అంటే మీ ఎస్‌డీబీ జబ్బుపడ్డది, ఎస్‌డీఏ కేబుల్ పాపానికి బలైంది.

ఒట్టి అంకెలు నమ్మబుద్ధి కాకపోతే కెర్నెల్ లాగ్ (లైనక్స్ తనకెదురైన తప్పులు రాసుకునే చిట్టా) చూడండి, డీమెసెజ్ కమాండ్‌తో వస్తుంది. ఎస్‌డీఏ పేరున్న తప్పుల దగ్గర 'ఐసీఆర్‌సీ' అన్న అక్షరాలు కనిపిస్తే అది కేబుల్ గొడవే. ఎస్‌డీబీ దగ్గర 'యూఎన్‌సీ' అని, ఆ కిందే 'ఐ/ఓ ఎర్రర్' అని సెక్టర్ నంబర్‌తో సహా ఉంటే డిస్క్ ఉపరితలమే చదవడం లేదని అర్థం. ఎక్కువ లాగ్ చదవాల్సిన పనిలేదు, ఈ రెండు మాటలు వెతికితే చాలు.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టిన విషయం, మీ ఉత్తరంలో ఒకే వాక్యంగా ఉన్నది: గీత, 'యూ'. గీత అంటే మొదటి డిస్క్‌ని రెయిడ్ బయటికి గెంటేసింది. కేబుల్ వదులై రాతలు విఫలమయ్యేసరికి లైనక్స్ ఎస్‌డీఏని చెడ్డదని లెక్కేసి పక్కన పెట్టింది, అప్పట్నుంచి మీ సర్వర్ ఒక్క ఎస్‌డీబీ మీదే, అంటే జబ్బుపడ్డ డిస్క్ మీదే నడుస్తోంది. రెండూ బాగున్నంతకాలం ఒకదానిలో సెక్టర్ చదవకపోతే రెండోదాంట్లోంచి తెచ్చి నిశ్శబ్దంగా సరిచేసేది. ఇప్పుడు రెండోది లేదు కాబట్టి ఆ తప్పు నేరుగా ఈఎక్స్‌టీ4 దాకా వచ్చింది. తన జర్నల్ (చేయబోయే మార్పుల చిట్టా), డైరెక్టరీల సమాచారం చదవడం రాయడం కుదరకపోయేసరికి అది ఇంకా నష్టం జరగకుండా తనని తాను రీడ్ ఓన్లీ చేసుకుంది. చాలామంది దాన్నే చెడిపోవడం అనుకుని రీడ్ రైట్‌కి బలవంతంగా మారుస్తారు. అది కాపాడుకోవడం, దాన్ని అలాగే ఉండనివ్వండి.

షాపులో చెప్పినట్టు ఎస్‌డీఏ తీసి కొత్తది పెడితే ఏం జరుగుతుందో చూడండి. సింక్ అంతా ఎస్‌డీబీలోంచి జరుగుతుంది. చదవలేని సెక్టర్ దగ్గరికి వచ్చాక అది ఆగిపోవచ్చు, లేదా ఆ రంధ్రాలతోనే కొత్త డిస్క్ తయారవ్వచ్చు. అంతకన్నా ఘోరం, కేబుల్ మార్చి ఎస్‌డీఏనే తిరిగి రెయిడ్‌లో చేర్చడం. అప్పుడు బాగున్న డిస్క్ మీద జబ్బుపడ్డ డిస్క్ కాపీ పడుతుంది. ఇంటర్నెట్‌లో చూసి, లైనక్స్‌లో రెయిడ్‌ని నడిపే ఎండీఏడీఎం ప్రోగ్రాంకి 'క్రియేట్' అన్న ఆజ్ఞ ఇవ్వడం కూడా అసలు వద్దు, డిస్కుల వరుస గానీ మొదలయ్యే చోటు గానీ కొంచెం తేడా వస్తే మిగిలింది కూడా పోతుంది.

మరి ఏం చెయ్యాలంటే, ముందు రెండు డిస్కుల మీదా సీరియల్ నంబర్ చూసి స్కెచ్ పెన్‌తో 'బాగున్నది, పాత డేటా' అని ఎస్‌డీఏ మీద, 'జబ్బుది, కొత్త డేటా' అని ఎస్‌డీబీ మీద రాసిన కాగితం అంటించండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లని నమ్ముకోవద్దు, కేబుల్ వేరే పోర్ట్‌లో పెట్టినా, ఒక డిస్క్ తీసి బూట్ చేసినా అవి తారుమారవుతాయి. బాగున్న డిస్క్‌ని ఊడదీసి బీరువాలో పెట్టండి. దానికి ఇప్పుడేం తొందర లేదు.

తొందరంతా జబ్బుపడ్డ దానితోనే. 4 టీబీకి తగ్గని ఒక కొత్త డిస్క్ కొనండి. తర్వాత జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో జబ్బు డిస్క్ మొత్తాన్ని కొత్త డిస్క్‌లోకి కాపీ తియ్యండి. మామూలు కాపీ చెడ్డ చోటు రాగానే అక్కడే పట్టుకుని కూర్చుంటుంది. డీడీరెస్క్యూ దాన్ని దాటేసి ముందు సులభంగా వచ్చేదంతా లాగేసుకుని, చివర్లో మొండి సెక్టర్ల దగ్గరికి తిరిగొస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మొదటికి రాదు. ఆ మ్యాప్ ఫైల్ ఈ రెండు డిస్కుల మీదా కాకుండా మూడోచోట, ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్క్‌లో పెట్టండి. మొదటి విడత 'మైనస్ ఎన్'తో (మొండి చోట్లు వదిలేస్తూ), రెండో విడత 'మైనస్ డీ, మైనస్ ఆర్ 3'తో (వాటిని మూడుసార్లు మళ్లీ ప్రయత్నిస్తూ). కమాండ్‌లో ముందు రాసే డిస్క్ పేరు దేన్నుంచి, తర్వాత రాసే పేరు దేనిలోకి. ఎంటర్ కొట్టేముందు ఈ ఒక్క చోట సీరియల్ నంబర్‌తో సరిచూసుకోండి, తిరగబడితే ఖాళీ డిస్క్ వచ్చి మీ నాన్నగారి పాటల మీద పడుతుంది. సెకనుకి 150 ఎంబీ వచ్చినా 4 టీబీకి ఏడెనిమిది గంటలు, చెడ్డ చోట్ల ఇంకా ఎక్కువ. డిస్క్ పక్కన చిన్న ఫ్యాన్ పెట్టండి.

ఎఫ్ఎస్‌సీకే మాట ఇక్కడే వస్తుంది, అదీ కాపీ మీద. అసలు డిస్క్ మీద కాదు. కాపీ ఒక్కటే తగిలించి, దాన్ని ఒంటి డిస్క్ రెయిడ్‌గా లేపి, మౌంట్ చెయ్యకుండా (ఫైళ్లు తెరుచుకునేలా తగిలించకుండా) ముందు ఈ2ఎఫ్ఎస్‌సీకేని, అంటే ఈఎక్స్‌టీ4కి వాడే ఎఫ్ఎస్‌సీకేనే, 'మైనస్ ఎఫ్ ఎన్' పెట్టి నడపండి. 'ఎన్' అంటే చూసి చెప్పడమే, ఏదీ మార్చదు. వచ్చిన తప్పుల జాబితా పది ఇరవై వరుసలైతే నిశ్చింతగా బాగుచేయించండి. పేజీలకు పేజీలు దొర్లుతుంటే ఆగండి, కాపీకి ఇంకో కాపీ ఉంటే తప్ప ముందుకెళ్లకండి. చాలామందికి తెలియనిది ఏంటంటే, ఎఫ్ఎస్‌సీకే బాగుచేసేది ఫైల్‌సిస్టమ్ నిర్మాణాన్ని, మీ పాటల్ని కాదు. లైబ్రరీలో పుస్తకాల రిజిస్టర్‌ని సరిచేసినట్టు అన్నమాట, పుస్తకంలో చిరిగిన పేజీలు దానితో తిరిగిరావు. పైగా తలాతోకా తెలియని ఎంట్రీ కనిపిస్తే 'మైనస్ వై' ఇచ్చినందుకు అడక్కుండానే కొట్టేస్తుంది. అది దాని తప్పు కాదు, ఫైల్‌సిస్టమ్ పొంతన కుదర్చడమే దాని పని.

బాగుచేశాక 'లాస్ట్ ప్లస్ ఫౌండ్' అనే ఫోల్డర్ తెరవండి. పేరు పోయి ఒంటరిగా మిగిలిన ఫైళ్లన్నీ అక్కడ హ్యాష్ గుర్తు, దాని పక్కన ఒక నంబర్ పేర్లతో ఉంటాయి. పేరు లేదని పారేయకండి. 'ఫైల్' అనే కమాండ్ లోపల ఉన్నది ఎంపీ3నా ఫొటోనా చెబుతుంది. ఎంపీ3ల లోపల ట్యాగ్‌లు వేసి ఉంటే కీర్తన పేరు, రాగం అందులోనే దొరుకుతాయి, ఫొటోలకైతే తీసిన తేదీ ఉంటుంది. క్యాసెట్ నుంచి నేరుగా తీసిన వేవ్ ఫైళ్లకి చాలావరకు ఏదీ ఉండదు, విని గుర్తుపట్టాల్సిందే. ఆ పనిలో మీ నాన్నగారి సాయం తీసుకోండి, మొదటి ఆలాపన వినగానే ఏ కచేరీయో ఆయన చెప్పేస్తారు.

ఇక బీరువాలో ఉన్న మంచి డిస్క్. దానికి కొత్త కేబుల్, వీలైతే క్లిప్ ఉన్నది, తగిలించండి. మిగతా డిస్కులు తీసేసి అదొక్కటే ఉంచి, ఎండీఏడీఎం 'ఎగ్జామిన్'తో చూస్తే 'అప్‌డేట్ టైమ్' అని ఒక తేదీ కనిపిస్తుంది. అది రెయిడ్‌లోంచి బయటపడ్డ రోజు. మొన్నటి వాన రోజే కావచ్చు, చాలా ముందే కావచ్చు, ఎందుకంటే ఒక డిస్క్ లేకపోయినా రెయిడ్ 1 ఏ ఇబ్బందీ చూపించకుండా నడుస్తుంది. ఆ తేదీకి ముందు ఎక్కించిన పాటలన్నీ ఇందులో పూర్తిగా ఉండే అవకాశం చాలా ఎక్కువ. రెయిడ్‌ని రీడ్ ఓన్లీగా అసెంబుల్ చేసి (లేపి), మౌంట్ చేసేటప్పుడు 'ఆర్ఓ, నోలోడ్' అని ఇవ్వండి. నోలోడ్ అంటే జర్నల్‌ని కూడా ముట్టుకోవద్దని చెప్పడం. అందులోంచి పాతవి, కాపీలోంచి ఆ తేదీ తర్వాతివి కలిపి పెట్టుకుంటే, మీరు రాసినదాన్ని బట్టి, మధ్యలో ఆగిపోయే పాటల్లో ఎక్కువభాగం తిరిగొస్తాయని నా నమ్మకం.

అంతా అయ్యాక రెయిడ్‌ని కొత్తగా కట్టుకోండి, ఒక డిస్క్ బయటపడితే మెయిల్ వచ్చేలా ఎండీఏడీఎం మానిటర్ పెట్టుకోండి, నెలకోసారి స్మార్ట్ లాంగ్ టెస్ట్ నడిచేలా షెడ్యూల్ చెయ్యండి. రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానకండి, పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే అది రెండు డిస్కుల్లోనూ ఒకే క్షణంలో పోతుంది. ఇంకో కాపీ వేరే ఊళ్లో, చంద్రగిరిలోనో పుత్తూరులోనో చుట్టాలింట్లో పెట్టండి. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లెలా పారాయో చూశాం కదా, రెండు కాపీలూ కింద గదిలో ఒకే టేబుల్ మీద ఉంటే రెండున్నా ఒకటే. క్యాసెట్లు మాత్రం దయచేసి పారేయకండి.

ప్రశ్న: అన్నా, చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, సర్వర్ దానిమీదే. అయినా రెండుసార్లు కరెంటు పోయొచ్చాక బూట్ కాకుండా 'ఎమర్జెన్సీ మోడ్' అని నల్ల తెర మీద రూట్ పాస్‌వర్డ్ అడిగింది. ఇన్వర్టర్ ఉండగా యూపీఎస్ కూడా కావాలా?

జవాబు: కావాలి తమ్ముడూ. ఇన్వర్టర్ ఫ్యాన్లకీ లైట్లకీ చేసింది. కరెంటు నుంచి బ్యాటరీకి మారేటప్పుడు వచ్చే చిన్న ఖాళీని ట్యూబ్‌లైట్ తట్టుకుంటుంది గానీ కంప్యూటర్ పవర్ సప్లై ప్రతిసారీ తట్టుకుంటుందని చెప్పలేం. మీ ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అది వెయ్యి, కొంత నయం. కానీ అసలు లోటు వేరే ఉంది. బ్యాటరీ అయిపోవస్తోందని ఇన్వర్టర్ సర్వర్‌కి చెప్పదు. రాత్రి మూడింటికి బ్యాటరీ ఖాళీ అయితే సర్వర్ రాస్తూ రాస్తూ టక్కున ఆగిపోతుంది. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 సెకన్లకోసారి జర్నల్‌ని డిస్క్‌లోకి చేరుస్తుంది, ఆ జర్నల్ వల్ల నిర్మాణం నిలబడుతుంది, కానీ అప్పుడే రాస్తున్న ఫైల్ సగంలో పోవచ్చు. యూఎస్‌బీ కేబుల్ ఉన్న చిన్న యూపీఎస్ తీసుకుని, నట్ అనే ప్రోగ్రాం వేసుకుంటే, బ్యాటరీ తగ్గగానే అదే షట్‌డౌన్ చేయిస్తుంది. పది నిమిషాల బ్యాకప్ ఉన్నా సరిపోతుంది, గంటలు అక్కర్లేదు.

ఎమర్జెన్సీ మోడ్‌కి భయపడకు. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు తగిలించాల్సిన డిస్కుల జాబితా ఉన్న ఫైల్) రాసిన డిస్క్ టైమ్‌కి కనిపించకపోయినా, ఎఫ్ఎస్‌సీకే తనంతట తాను తేల్చుకోలేకపోయినా అక్కడ ఆగుతుంది. పాస్‌వర్డ్ కొట్టి లాగ్ చూస్తే రెండిట్లో ఏదో తెలుస్తుంది. డిస్క్ కనిపించకపోవడమే అయితే ఆ డేటా డిస్క్ వరుసలో 'నోఫెయిల్' చేర్చు, అది లేకపోయినా సిస్టమ్ లేచి నిలబడుతుంది, నువ్వు దూరం నుంచైనా లాగిన్ అయి చూసుకోవచ్చు. రూట్ డిస్క్‌కి మాత్రం అది పెట్టొద్దు.

ప్రశ్న: నేను తిరుచానూరులో ఉంటాను, టీచర్‌ని. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లో మిర్రర్ (రెండు డిస్కుల్లో ఒకే డేటా) వాడుతున్నాను. స్క్రబ్ (ఉన్న డేటా అంతా చదివి సరిచూడటం) చేస్తే రెండు డిస్కులకీ చెక్‌సమ్ తప్పులు (రాసినప్పటి గుర్తు సంఖ్యతో డేటా కలవకపోవడం) దాదాపు ఒకే సంఖ్యలో వచ్చాయి. రీడ్, రైట్ తప్పులు సున్నా. స్మార్ట్ రిపోర్ట్‌లు రెండూ శుభ్రంగా ఉన్నాయి. రెండు డిస్కులూ ఒకేసారి పోతాయా?

జవాబు: పోవడం అసాధ్యం కాదు గానీ, ఈ లక్షణాలకి డిస్కుల్ని అనుమానించడం చివరి పని. తప్పులు రెండు వైపులా సమానంగా ఉన్నాయంటే రెండిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని చూడాలి: ర్యామ్, కంట్రోలర్ కార్డ్, పవర్ సప్లై. రాసేటప్పుడే ర్యామ్‌లో ఒక బిట్ తారుమారైతే మిర్రర్ రెండు వైపులకీ అదే తప్పు కాపీ వెళ్తుంది, తర్వాత చదివేటప్పుడు రెండూ చెక్‌సమ్‌తో కలవవు, సరైన కాపీ ఎక్కడా ఉండదు కాబట్టి జెడ్‌ఎఫ్‌ఎస్ కూడా బాగుచేయలేదు. కొత్త డిస్కులు కొనేముందు మెమ్‌టెస్ట్86 ప్లస్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఒక రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా చాలు, స్టిక్‌లు ఒక్కొక్కటిగా తీసి ఏది పాడైందో పట్టుకోండి. ర్యామ్ సంగతి తేలేదాకా మళ్లీ స్క్రబ్ చెయ్యకండి, కొత్తగా ఏమీ ఎక్కించకండి.

జెడ్‌ఎఫ్‌ఎస్ స్థితి చూపే జెడ్‌పూల్ స్టేటస్ కమాండ్‌ని 'మైనస్ వీ'తో నడిపితే ఏ ఫైళ్లు శాశ్వతంగా చెడ్డాయో పేర్లతో సహా చెబుతుంది. ఈఎక్స్‌టీ4లో ఈ సౌకర్యం లేదు, చెడిన ఫైల్‌ని తెరిచినప్పుడే తెలుస్తుంది. నేను జెడ్‌ఎఫ్‌ఎస్‌ని ఇంటి సర్వర్లకి గట్టిగా సిఫార్సు చేసేది ఈ ఒక్క కారణంగానే. ఆ ఫైళ్లు డిలీట్ చేసి బ్యాకప్ నుంచి తెచ్చుకోండి. ఆ తర్వాత కూడా జాబితాలో పాత ఎర్రర్లు కనిపిస్తే కంగారు వద్దు, ఒక్కోసారి రెండో స్క్రబ్ పూర్తయ్యాకే తొలగిపోతాయి.

ప్రశ్న: శ్రీకాళహస్తి నుంచి. సర్వర్ బ్యాకప్‌కి వాడే యూఎస్‌బీ డిస్క్ 'టక్ టక్' అంటూ ఆగిపోతోంది. మా మరిది మూత విప్పి చూస్తానంటున్నాడు. విప్పనివ్వమంటారా?

జవాబు: విప్పనివ్వకండి. బయటి ప్లాస్టిక్ డబ్బా వరకు ఫర్వాలేదు. కొన్ని డిస్కుల్ని అందులోంచి తీసి నేరుగా సాటాకి తగిలించవచ్చు, డబ్బాలోని బోర్డే పాడైతే దానితో తీరిపోతుంది. డిస్క్ లోహపు మూత మాత్రం ఇంట్లో ఎవరూ తెరవకూడదు, లోపల హెడ్‌కీ పళ్లేనికీ మధ్య ఉన్న సందులో దుమ్ము కణం కూడా పట్టదు. ముందు వేరే కేబుల్, వేరే పోర్ట్‌తో ఒక్కసారి చూడండి, పవర్ చాలకపోయినా ఈ చప్పుడు వస్తుంది. అప్పటికీ అలాగే కొడుతుంటే హెడ్ పోయినట్టే, మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూస్తే పళ్లెం గీసుకుపోతుంది. ఇది బ్యాకప్ కాపీయే అంటున్నారు కాబట్టి సర్వర్‌లో అసలు ఫైళ్లు బాగున్నాయేమో ఇవాళే తెరిచి చూసుకోండి, బాగుంటే ఈ డిస్క్‌ని వదిలేసి కొత్తదానిలోకి ఈ రాత్రికే బ్యాకప్ తీసేయండి.